దాతృత్వానికి వాటా ఉండాలి

మీకు ఆదర్శమైన వ్యాపార సంస్థ ఏదని ఎంబీఏ విద్యార్థులను అడిగితే టాటా పేరు ముందు వరుసలో వినిపిస్తుంది. 2024 అక్టోబరు 9న రతన్ టాటా కన్నుమూసినప్పుడు ఆ అభిమానం దేశమంతటా పొంగింది. ఆయన నిరాడంబరత గురించి, మూగజీవాల మీద ప్రేమ గురించి కథలు కథలుగా చెప్పుకున్నారు. ఆ గౌరవం సబబే. అయితే వ్యాపారం చదువుకునేవారు మనిషి మంచితనం దగ్గరే ఆగిపోతే అసలు పాఠం చేజారుతుంది. గ్రూపు మొత్తానికి మాతృసంస్థ అయిన టాటా సన్స్‌లో సుమారు 66 శాతం వాటా దాతృత్వ ట్రస్టులదే. అది డివిడెండు ప్రకటించిన ప్రతిసారీ దాదాపు మూడింట రెండు వంతులు ఆసుపత్రులకు, చదువులకు, పల్లెల పనులకు ఖర్చుపెట్టే ట్రస్టులకు చేరుతుంది. అధిపతి దాతో పిసినారో అన్నదానితో దీనికి నిమిత్తం లేదు.

ఈ ఏర్పాటు విలువ విరాళాల సేకరణకు తిరిగిన విద్యార్థికి బాగా అర్థమవుతుంది. ఏటా అక్టోబరు 2 నుంచి 8 దాకా జరిగే దాన్ ఉత్సవ్ కోసమో, స్వచ్ఛంద సంస్థ తరఫున పరుగు పందెంలో పాల్గొనడానికో, చదువులో భాగంగానో చాలామంది ఈ పనికి దిగుతున్నారు. పసిబిడ్డ గుండె ఆపరేషన్ అనగానే జేబులో చెయ్యి పెట్టే దాత, అదే ఆసుపత్రిలో నర్సు జీతానికో లెక్కలు రాసే గుమస్తాకో అంటే వెనకాడతాడు. నిరుడు ఇచ్చినవారు ఈ ఏడూ ఇస్తారన్న భరోసా లేదు. ఏప్రిల్ వచ్చిందంటే మళ్లీ సున్నా నుంచి మొదలు. క్రమంగా సంస్థలు కూడా అవసరమైన పనిని పక్కనపెట్టి, అడగ్గానే డబ్బు రాలే పని వైపు ఒరుగుతాయి. 2013 కంపెనీల చట్టం పెట్టిన 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) ఖర్చు కూడా గడిచిన మూడేళ్ల సగటు లాభానికి ముడిపడినదే. లాభం తగ్గితే అదీ తగ్గుతుంది.

ఫలితం కోసం ముప్పై నలభై ఏళ్లు వేచి చూడాల్సిన పనులకు ఇలాంటి డబ్బు చాలదు. టాటా గ్రూపు స్థాపకుడు జంషెడ్జీ 1892లోనే విదేశీ చదువులకు నిధి నెలకొల్పారు. ఆయన తన ఆస్తిలోంచి ఇస్తానన్నదే బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు పునాది అయింది. ఆయన పోయిన ఐదేళ్లకు, 1909లో, అది ఏర్పడింది. 1932లో ఆయన కొడుకు దోరాబ్జీ పేరిట ట్రస్టు వచ్చాక 1936లో సామాజిక సేవా విద్యాలయం, 1941లో ముంబై క్యాన్సర్ ఆసుపత్రి, 1945లో మౌలిక పరిశోధనల కోసం టీఐఎఫ్‌ఆర్ వెలిశాయి. ఈ ఆసుపత్రిని, పరిశోధన సంస్థను తర్వాత ప్రభుత్వం భుజానికెత్తుకుంది. ఇవన్నీ సర్కారు చేయాల్సినవి కదా అనేవారికి ఇక్కడే జవాబుంది. ఓట్ల లెక్కలో చోటు దొరకని పనికి తొలి అడుగు వేయడానికి ఓపికగల సొమ్ము కావాలి. తిరుపతిలో టీటీడీ స్థలంలో టాటా ట్రస్టులు కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి మనకు దగ్గరలో ఉన్న ఉదాహరణ.

దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. 2006 జనవరి 2న ఒడిశాలోని కళింగనగర్‌లో టాటా ఉక్కు కర్మాగారాన్ని వ్యతిరేకించిన ఆదివాసీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పదముగ్గురు ఆదివాసీలు ప్రాణాలు కోల్పోయారు. 2025లో గ్రూపులోని ఐటీ సంస్థ టీసీఎస్ సుమారు 12 వేలమందిని తొలగిస్తున్నట్టు ప్రకటించింది. లాభం ఎక్కడికి వెళ్తుందన్నది యాజమాన్యం తేలుస్తుంది గానీ, అది ఎలా వచ్చిందన్న ప్రశ్నను మాఫీ చేయదు. ఆ రెండో ప్రశ్న విద్యార్థి విడిగా అడిగి తీరాలి. ఇక ట్రస్టీలన్నవారు గుప్పెడుమంది. టాటా సన్స్ ఛైర్మన్ పదవి నుంచి సైరస్ మిస్త్రీని 2016లో తప్పించడాన్ని 2021లో సుప్రీంకోర్టు సమర్థించింది. అంత పట్టు కొద్దిమంది చేతిలో ఉండటం మేలా అన్నది కోర్టు తీర్పుతో తీరే ప్రశ్న కాదు. ఈ ఒక్క విషయంలో విరాళాల డబ్బాదే పైచేయి. పది రూపాయలిచ్చినవాడికి కూడా ఎక్కడ ఖర్చుపెట్టావని అడిగే హక్కుంటుంది. స్థిరాదాయం ఉన్న ట్రస్టును అలా నిలదీసేవారు లేరు. కాబట్టి ఆ లెక్కలు, ట్రస్టీల ఎంపిక జనం ముందు ఉండేలా చట్టం పట్టుబట్టాలి.

మరి మిగతా కుటుంబాలు ఈ దారి ఎందుకు పట్టలేదు? 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం కింద దాతృత్వ ట్రస్టు కంపెనీ షేర్లు పెట్టుకుంటే సాధారణంగా పన్ను మినహాయింపు వదులుకోవాల్సి వచ్చేది. 1973 జూన్ 1 నాటికే మూలనిధిలో ఉన్న షేర్లకు సడలింపు ఇచ్చారు. దానం ముసుగులో కుటుంబాలు పన్ను ఎగ్గొడతాయన్న అనుమానం నిరాధారమైనదేమీ కాదు. అందుకు మందు తలుపు మూయడంలో లేదు. ఏటా ఇంత శాతం ఖర్చుపెట్టాలని, ట్రస్టీలలో సగంమంది కుటుంబానికి బయటివారై ఉండాలని షరతులు పెట్టి కొత్త ట్రస్టులకు అవకాశం ఇవ్వవచ్చు. తెలుగు నేల మీద పుట్టిన ఔషధ, నిర్మాణ సంస్థల్లో తొలితరం పగ్గాలు పిల్లలకు అప్పగిస్తున్న రోజులివి. ఆ పంపకాలకు లెక్కలు కట్టి సలహాలిచ్చేది నేడు తరగతిలో టాటాలను మెచ్చుకుంటున్న ఈ విద్యార్థులే. వారసుల వాటాల పక్కన దాతృత్వానికీ ఒక వాటా రాయమని వాళ్లు ఆ కుటుంబాలకు గట్టిగా చెప్పాలి.