మన చేతికి సరిపోయే డ్రిల్లు

మిక్సీ కొనాలన్నా, కుక్కరు కొనాలన్నా ఇంట్లో అందరూ మన వైపే చూస్తారు. ఏ జారు పనికొస్తుందో, గాస్కెట్ ఎన్నాళ్ళు ఆగుతుందో, సర్వీసు సెంటరు దగ్గర్లో ఉందో లేదో మనకే తెలుసని వాళ్ళ నమ్మకం. అదే డ్రిల్లు మిషను కొనేటప్పుడు మనల్ని అడిగేవాళ్ళుండరు. మనమూ పట్టించుకోం. అది మగవాళ్ళ వస్తువని ఎవరు రాసిపెట్టారో గానీ, చాలా ఇళ్ళల్లో మిషను అటక మీద ఉంటుంది, కర్టెను రాడ్డు తలుపు వెనక నిలబడి ఉంటుంది.

నా మాట సూటిగా చెప్పేస్తాను. ఇంట్లో ఒక కార్డ్‌లెస్ డ్రిల్లు ఉండాలి. దాన్ని ఇంట్లో ఎక్కువసేపు ఉండే మనిషే ఎంచుకోవాలి. ఎంచుకునేటప్పుడు డబ్బా మీది అంకెల కన్నా ముందు తన చేతినీ, తన గోడనీ చూసుకోవాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మా అత్తయ్యగారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక బాత్రూంలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీ పెట్టించమన్నారు డాక్టరుగారు. కడ్డీ ఆ సాయంత్రమే వచ్చింది. బిగించే మనిషి పదకొండు రోజులకి గానీ రాలేదు. "నాలుగు కన్నాలకి ఏం రావాలమ్మా, ఇంకేదైనా పనుంటే కలిపి చెప్పండి" అన్నాడు. అతన్నీ తప్పుపట్టలేం, నాలుగు కన్నాల కోసం అతనికి సగం రోజు పోతుంది. కానీ ఆ పదకొండు రోజులూ ఆవిడ నా భుజం పట్టుకునే స్నానానికి వెళ్ళాల్సొచ్చింది. ఎప్పుడూ ఎవరి సాయమూ అడగని మనిషి. కాలి నొప్పి కన్నా అదే ఆవిడని ఎక్కువ బాధపెట్టింది. ఆ నెల సరుకుల జాబితాలో డ్రిల్లు కూడా చేరింది.

ఇక ఎంపిక సంగతి. షాపులో మొదట చెయ్యాల్సింది మిషనుని బ్యాటరీతో సహా చేతిలోకి తీసుకుని, తల ఎత్తున ఒక నిమిషం పట్టుకుని చూడడం. 12 వోల్టులది కిలో అటూ ఇటూగా ఉంటుంది. 18 వోల్టులది కిలోన్నర, కొన్ని ఆపైన కూడా. మణికట్టు వణికితే ఆ మిషను మనది కాదు, ఎంత పేరున్న కంపెనీదైనా సరే. కొన్నిటి మీద 20 వోల్టులని ఉంటుంది, అది చూసి మురిసిపోకండి. లోపల అవే అయిదు లిథియం సెల్సు. నిండా చార్జి ఉన్నప్పుడు లెక్కేస్తే 20, మామూలుగా లెక్కేస్తే 18.

రెండోది గోడ. ఎర్ర ఇటుక గోడైతే సుత్తి గుర్తు ఉన్న డ్రిల్లు తీసుకోవాలి. తిరుగుతూనే చిన్న చిన్న దెబ్బలు కొడుతుంది కాబట్టి 6, 8 మిల్లీమీటర్ల కన్నాలు ఇబ్బంది లేకుండా పడతాయి. ఇప్పుడు వాడే తెల్లటి తేలిక ఇటుకల గోడైతే ఆ దెబ్బ కూడా అక్కర్లేదు, మామూలుగా తిప్పినా దిగుతుంది. అసలు చిక్కు కాంక్రీటుతో. కొత్త ఎత్తైన అపార్టుమెంట్లలో కొన్నిటికి గోడలన్నీ కాంక్రీటే. ఇటుక ఇళ్ళల్లో కూడా కిటికీ పైన, సరిగ్గా మనం కర్టెను రాడ్డు పెట్టే చోటే, కాంక్రీటు లింటెల్ ఉంటుంది. మిషను అక్కడ అంగుళం దిగకుండా మొరాయిస్తే చేతగానితనం మనది కాదు, ఆ పని దానిది కాదు. దానికి రోటరీ హ్యామర్ అని వేరే మిషనుంది. ఆ ఒక్క పనికి ఆ మిషనున్న మనిషిని పిలవడమే తెలివి.

మూడోది, మూతి దగ్గర అంకెలున్న రింగు. దాన్ని క్లచ్ అంటారు. కుక్కరు వెయిట్ చేసే పనే అదీ చేస్తుంది. ఒత్తిడి హద్దు దాటగానే కటకటమని వదిలేస్తుంది, స్క్రూ తల అరిగిపోదు, చెక్క పగలదు. చిన్న అంకెతో మొదలుపెట్టి, స్క్రూ పూర్తిగా దిగకపోతే ఒక్కో అంకే పెంచుకుంటూ పోవాలి. పైన 1, 2 అని రెండు వేగాలుండాలి. 1 స్క్రూలకి, 2 కన్నాలకి. బిట్టు పట్టే చక్ చేత్తోనే బిగించేదై ఉండాలి. విడి తాళంచెవి ఉంటే నెలలోపు అది కనబడకుండా పోవడం ఖాయం. డబ్బులు కుదిరితే బ్రష్‌లెస్ మోటారుది తీసుకోండి. అరిగిపోయే కార్బన్ బ్రష్షులుండవు, అదే బ్యాటరీతో ఇంకాస్త ఎక్కువ పని జరుగుతుంది.

బ్యాటరీ దగ్గర ఇంకో మాట. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషనుకి మామూలుగా పట్టదు. అంచేత విడి బ్యాటరీ మన ఊళ్ళో దొరుకుతుందా అని కొనకముందే అడగాలి. దాన్ని పొయ్యి పక్కన, ఎండ తగిలే చోట పెట్టకూడదు. వాడకుండా చాలా రోజులు ఉంచేటప్పుడు సగం చార్జితో ఉంచితే మంచిది. ఏడాదికి రెండు కన్నాలే వేసే ఇల్లయితే వైరున్న డ్రిల్లే చవక, బ్యాటరీ పాడైపోతుందన్న దిగులూ ఉండదు. కానీ స్టూలెక్కినప్పుడు కాళ్ళకి వైరు తగలకుండా, కరెంటు పోయినా పని ఆగకుండా ఉండాలంటే కార్డ్‌లెస్సే.

వంద పీసుల కిట్టు మాత్రం కొనకండి. వెల్లుల్లి తొక్క తీసే మిషను లాంటిదే అది, ముచ్చట తీరాక మూలకి చేరుతుంది. గోడకి 6, 8 మిల్లీమీటర్ల కార్బైడు మొన బిట్లు, చెక్కకి రెండు, ఇనుముకి రెండు, టైలుకి బల్లెం మొన లాంటిదొకటి, ప్లస్ స్క్రూలకి రెండో నంబరు బిట్టు, దాన్ని పట్టుకునే అయస్కాంతం హోల్డరు. ఇవి చాలు. గేటుకి పట్టిన తుప్పు వదలగొట్టడానికి తీగల బ్రష్షు ఒకటి ఉంటే సంక్రాంతి ముందు రంగులేసేటప్పుడు మోచేతులు బతుకుతాయి.

నాకైతే వీటన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఆ చిన్న ప్లాస్టిక్ ప్లగ్గు. వెనక గోడలో చెక్కముక్క దిగ్గొట్టి దానికి మేకు కొట్టేవాళ్ళు. 1958లో జర్మనీలో ఆర్తుర్ ఫిషర్ నైలాన్ ప్లగ్గు తయారుచేశాడు. స్క్రూ తిప్పేకొద్దీ ప్లగ్గు విచ్చుకుని గోడని లోపల్నించి పట్టుకుంటుంది. 6 ప్లగ్గుకి 6 బిట్టే వాడాలి, కన్నం వదులైతే అంతా వృథా. మనిషి బరువు మోసే కడ్డీకైతే ప్లగ్గు టైలూ, సిమెంటు పూతా దాటి ఇటుకలోకి దిగాలి. టైలు మీద సుత్తి గుర్తు ఆపేసి, టేపు అంటించి, నెమ్మదిగా తిప్పాలి. టైలు దాటాక బిట్టు మార్చి, అప్పుడు సుత్తి గుర్తు పెట్టుకోవాలి.

కన్నం వేసే ముందు స్విచ్‌బోర్డుకి నేరుగా పైనా కిందా, పక్కలా వెయ్యకండి, వైర్లు ఆ దారినే వెళ్తాయి. కుళాయికి నేరుగా పైన పైపుంటుంది. కొంగు దోపుకుని, జడ ముడేసుకుని, గాజులు వెనక్కి తోసుకుని, కళ్ళజోడూ మాస్కూ పెట్టుకోవాలి.

"ఉన్న పనులు చాలవా, ఇదీ మన నెత్తికేనా?" అని నా స్నేహితురాలు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ ఎదురుచూడడం కూడా పనే కదా! నాలుగుసార్లు ఫోను చెయ్యడం, వస్తానన్న రోజు గడప దాటకుండా కూర్చోవడం, రాకపోతే మళ్ళీ బతిమాలడం. అదంతా ఎవరు చేస్తున్నారు? పైగా పని చేతనవడం వేరు, ఆ పని మనకే అంటగట్టడం వేరు. మా ఇంట్లో ఆ మిషను అటకెక్కదు, వంటింటి అలమరలో కింది అరలో ఉంటుంది. మా వారూ తీస్తారు, ఇంటర్ చదివే మా అమ్మాయీ తీస్తుంది. ఎవరికి అవసరమైతే వాళ్ళే కన్నం వేసుకుంటారు, ఆ పొడి కూడా వాళ్ళే ఊడుస్తారు. ఆ రెండో షరతు మాత్రం నాది.

కొన్న రోజే గోడ మీదకి వెళ్ళకండి. పాత బల్ల చెక్క మీద పది కన్నాలు వేసి, పది స్క్రూలు బిగించి, విప్పండి. ఆ శబ్దానికి భయం పోతుంది. తర్వాత కిటికీ పక్కన తలుపు వెనక నిలబడి ఉన్న ఆ రాడ్డు సంగతి చూడొచ్చు.