స్థలముల తరగరులును, నమోదు సంఖ్యయును

నాలుగు సెంట్ల స్థలము కొని ఇల్లు కట్టుకొనదలచిన గృహస్థుడు మన సత్రపట్టిలో మొట్టమొదట ఎవరి యొద్దకు పోవును? న్యాయవాది యొద్దకు గాదు. రిజిస్ట్రారు కార్యాలయమునకును గాదు. టీకొట్టు ముందరి బల్లపై కూర్చుండు మధ్యవర్తి యొద్దకు పోవును. ఆ మధ్యవర్తి పలుమార్లు మన బంధువర్గములోనివాడే, మామా యనియో పెదనాయనా యనియో మనము పిలుచువాడే యై యుండును. ఆయన మాటపై బయానా చేతులు మారును. కాగితముల సంగతి పిదప చూచుకొందురు. బ్యాండేజి మగ్గములపై ఇరువది యేండ్లు కూడబెట్టిన సొమ్ము ఒక్క మధ్యాహ్నములో ఇట్లు వెళ్లిపోవుట అరుదు గాదు.

తరగరి, తరగు అను మాటలు మన తెలుగునకును ఇక్కడి తమిళమునకును ఉమ్మడి సొత్తు. వృత్తి యంత పాతది. కాని ఆ వృత్తి చేయువానికి అర్హత యేమి, బాధ్యత యేమి యని దేశములో చాలకాలము ఎవరును విధిగా అడుగలేదు. దస్తావేజు వ్రాయువానికి మన రాష్ట్రములో లైసెన్సు కావలెను. కొలత వేయు సర్వేయరుకు శిక్షణ కావలెను. ధర తేల్చి, అమ్మువానిని కొనువానిని ఒకచోట కూర్చుండబెట్టి, ఉభయుల యొద్ద తరగు పుచ్చుకొనువానికి మాత్రము ఏదియు అక్కరలేకపోయెను. ఆ కాలము గడచినది. గడచినదని మన ఊరిలో పలువురకు తెలియదు. అందువలననే ఈ నాలుగు మాటలు.

స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టమును పార్లమెంటు 2016లో చేసినది. 'రెరా' యని పత్రికలు వాడునది ఇదియే. 2017 మే 1 నుండి అది పూర్తిగా అమలునకు వచ్చినది. తమిళనాడు ప్రభుత్వము అదే సంవత్సరము జూను నెలలో తన నిబంధనలను ప్రకటించినది. ఈ చట్టము 9వ సెక్షను ప్రకారము, నమోదైన లేఅవుటులో గాని అపార్టుమెంటు కట్టడములో గాని క్రయవిక్రయములు కుదుర్చు ప్రతి మధ్యవర్తియు తానును నమోదు చేసికొనవలెను. నమోదైనవానికి ఒక సంఖ్య యిచ్చెదరు. తాను కుదుర్చు ప్రతి బేరమునందును ఆ సంఖ్యను అతడు చూపవలెను. అసత్యములు చెప్పి నమోదు పొందినను, షరతులు మీరినను దానిని రద్దుచేయు అధికారము సంస్థకు కలదు.

నమోదైన మధ్యవర్తికి 10వ సెక్షను కొన్ని విధులు విధించినది. నమోదు కాని లేఅవుటులోని ప్లాటును అతడు అమ్మింపరాదు. లెక్కల పుస్తకములు ఉంచవలెను. లేని అనుమతి యున్నదని చెప్పరాదు. కొనువాడు ప్లాటు ఖాయము చేసికొను వేళ, అతనికి చెందవలసిన పత్రములును సమాచారమును అతని చేతికి అందునట్లు చూడవలెను. ఈ కడపటి విధి సామాన్యమైనది గాదు. "కాగితములు అన్నియు సరిగానే యున్నవి, నన్ను నమ్ముము" అను పాతమాటకు చట్టములో ఇక చోటు లేదు.

ఇచట మనవారు ఒక ఆక్షేపణ చెప్పుదురు. మా మామ వ్యాపారి గాడు, మాట సాయము మాత్రమే చేసినాడు, ఆయనకు లైసెన్సు ఏల యందురు. చట్టములోని నిర్వచనము చదువుడు. ఏ పేరుతో పిలిచినను, కొనువానిని అమ్మువానిని ఒకరికొకరిని పరిచయము చేసి, తరగు రూపమున గాని మరియొక రూపమున గాని ప్రతిఫలము పొందువాడు మధ్యవర్తియే. ఏమియు పుచ్చుకొనక సాయపడిన బంధువు దీనిలోనికి రాడు. అట్టివారు మనలో నున్నారు, వారికి నమస్కారము. కాని రిజిస్ట్రేషను నాడు పట్టుపంచె, తాంబూలముతో పాటు ఒక కవరు కూడ అందుకొనువారు తమ స్థానమేదో తామే ఆలోచించుకొనవలెను.

బంధుత్వము ఉన్నచోట ప్రశ్న అడుగుట మనకు మర్యాద గాదని తోచును. "సంఖ్య యేది మామా?" యని అడిగిన యెడల ఆయన నొచ్చుకొనునేమో యని జంకుదుము. పెండ్లి సంబంధము కుదుర్చుకొనునపుడు గోత్రము, ఇంటిపేరు, మేనరికము మొదలు తాతల నాటి తగవుల వరకు విచారించు మనము, జీవితార్జితమును ఒకరి చేతిలో పెట్టునపుడు నోరు మెదపకుండుట ఏమి మర్యాదయో నాకు బోధపడదు. సక్రమముగా పని చేయు మధ్యవర్తికి ఈ ప్రశ్న వలన నష్టము లేదు. నష్టపోవువాడు రెండవవాడు.

పంచాయతీ అప్రూవలు అను మాట పేర మన ప్రాంతమున జరిగినది పాఠకులు మరచియుండరు. పట్టణ, గ్రామ ప్రణాళికా శాఖ అనుమతి లేకయే పొలములను ప్లాటులుగా కోసి, పంచాయతీ సంతకము చూపి అమ్మిరి. 2016 సెప్టెంబరు 9న మద్రాసు హైకోర్టు అట్టి అనుమతి లేని ప్లాటుల రిజిస్ట్రేషనును నిలిపివేసినది. పిమ్మట 2017లో ప్రభుత్వము క్రమబద్ధీకరణ నిబంధనలు చేసి, 2016 అక్టోబరు 20కి పూర్వము ఏర్పడిన లేఅవుటులకు దారి చూపినది. ఆ నడుమ కొడుకు చదువునకో కుమార్తె వివాహమునకో ప్లాటు అమ్మదలచినవారు అమ్మలేక, దానిపై అప్పు పుట్టక పడిన యాతన చిన్నది గాదు. వారికి ఆ ప్లాటులు చూపిన తరగరులు తమ తరగును అప్పటికే ముట్టజెప్పించుకొనియుండిరి. తిరిగి యిచ్చినవారిని గూర్చి నేను వినలేదు.

చట్టము మంచిదే యైనను, దాని కంతలను దాచుట మేలు గాదు. అయిదువందల చదరపు మీటర్లకు మించని స్థలమునకు, అనగా మన లెక్కలో సుమారు పండ్రెండు సెంట్లకు, నమోదు అక్కరలేదు. మెట్ట, మాగాణి, మామిడితోట మొదలగునవి వ్యవసాయ భూములుగానే చేతులు మారునపుడు ఈ చట్టము వానిని ముట్టదు. ఒకరు కాపురమున్న పాత ఇంటిని మరియొకరు కొనునపుడును మధ్యవర్తికి ఈ నిర్బంధము లేదు. మన ఊరి బేరములలో ఈ మూడు తరగతులవే హెచ్చు గదా! పట్టణమునందలి అపార్టుమెంటు కొనువానికి గల రక్షణ పల్లెలో తోట అమ్ముకొను వితంతువునకు లేకుండుట న్యాయముగా నాకు తోపదు. ఆమెకే అది ముందుగా కావలసియున్నది.

జరిమానా సంగతియు చూడుడు. నమోదు లేక వ్యవహరించిన మధ్యవర్తికి దినమునకు పదివేల రూపాయల చొప్పున జరిమానా. అది మొత్తముమీద ఆ ఆస్తి విలువలో నూటికి అయిదు వరకు పెరుగవచ్చును. వినుటకు ఇది భయంకరముగా నున్నది. కాని ఆరు లక్షల ప్లాటు విషయములో నూటికి అయిదనగా ముప్పది వేలు. మూడు దినములలో ఆ హద్దు ముగిసిపోవును. అదే ప్లాటుపై ఉభయపక్షముల యొద్దను నూటికి రెండేసి పుచ్చుకొన్నవానికి ఇరువది నాలుగు వేలు వచ్చును. పట్టుబడినపుడు మాత్రమే కట్టవలసిన ముప్పది వేలకు ఎవడు వెరచును? చవుక ప్లాటులు కొనువారు బీదవారు. వారి విషయముననే జరిమానా కూడ చవుకయైనది.

మరియొక వైపున, ముదుసలి తరగరులను గూర్చి జాలిపడువారి మాటయు త్రోసివేయదగినది గాదు. నెలకొక బేరము కూడ కుదరని వృద్ధునకు రుసుము, దరఖాస్తు, ఫొటోలు, ఆదాయపు పన్ను కాగితములు అన్నియు భారమే. అట్టివారికి రుసుము తగ్గించి, దరఖాస్తు తాలూకా కార్యాలయముననే పుచ్చుకొను ఏర్పాటు చేయవలెనని ప్రభుత్వమును కోరుట సబబు. నమోదే వద్దనుట సబబు గాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 1917లోనే స్థలముల దళారులకు లైసెన్సు చట్టము చేసినది; న్యాయస్థానము దానిని కొట్టివేయగా 1919లో మరల చేసినది. మహారాష్ట్రలో 2023 నుండి మధ్యవర్తులు శిక్షణ పొంది, పరీక్ష నెగ్గి యోగ్యతా పత్రము సంపాదింపవలసియున్నది. కేవలము పేరు వ్రాయించుకొనుట కంటె ఇది మెరుగైన పద్ధతి యని నా అభిప్రాయము. విల్లంగమును చదువ నేర్చినవాడును, మూల దస్తావేజు నుండి నేటి పట్టా వరకు వరుస తప్పక చూడగలవాడును, పవరు పత్రముతో చేసిన అమ్మకము హక్కును బదిలీ చేయదని 2011లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి యెరిగినవాడును మధ్యవర్తిగా నుండిన మనకు సగము చింత తీరును.

హైదరాబాదు పరిసరములలో ప్రీ-లాంచి అను పేరిట, అనుమతులు రాకమునుపే సొమ్ము వసూలు చేసిన ఉదంతములు అచటి మన చుట్టముల వలన వినుచున్నాము. ఆ కథలలోను సొమ్ము అడుగుటకు ఇంటికి వచ్చినవాడు ఏజెంటే.

కాగితములు తమిళములో నుండుట వలన మోసపోతిమని కొందరందురు. ఇది చెల్లదు. ఇన్ని తరములుగా ఇచట స్థిరపడిన మనకు తమిళము చదువుట రాకపోలేదు. చదువు ఓపికయే రాలేదు. విల్లంగమును రిజిస్ట్రేషను శాఖ వారి వెబ్‌సైటులో ఇంటినుండియే చూడవచ్చును. నమోదైన మధ్యవర్తుల పేర్లు, లేఅవుటుల వివరములు తమిళనాడు రెరా వారి వెబ్‌సైటులో కలవు. లేఅవుటు వేసినవాడు తన ఏజెంటుల పేర్లను, చిరునామాలను దరఖాస్తులోనే తెలుపవలెనను నియమమును కలదు. ఇంటిలోని కాలేజి పిల్లవానికి ఇది పావుగంట పని.

ఇప్పటికే బయానా ఇచ్చి చిక్కుకొన్నవారు మధ్యవర్తిపై కూడ ఫిర్యాదు చేయవచ్చును; 31వ సెక్షను ఆ హక్కు నిచ్చుచున్నది. లేఅవుటు యజమాని, రిజిస్టరు చేసిన ఒప్పందము లేనిదే నూటికి పదికి మించి అడ్వాన్సు పుచ్చుకొనరాదని 13వ సెక్షను చెప్పుచున్నది. సొమ్ము నగదుగా గాక బ్యాంకు ద్వారా యిచ్చినవారు, ఏజెంటు పంపిన సందేశములను చెరిపివేయక ఉంచినవారు ఆ ఫిర్యాదును నిలుపుకొనగలరు. తీర్పు నచ్చనిచో అరువది దినములలో అప్పీలు చేసికొనవచ్చును. ఆ కాగితములను వెదకి తీయుట ఈ వారమే మొదలుపెట్టుడు.