చెయ్యెత్తిన ప్రేక్షకుడికి రక్షణ ఏదీ?

2013లో లాస్ వేగాస్‌లో డేవిడ్ కాపర్‌ఫీల్డ్ ఇంద్రజాల ప్రదర్శనకు వెళ్లిన ఓ బ్రిటిష్ పర్యాటకుడు వేదికెక్కాడు. కుర్చీల్లో కూర్చున్న పదమూడు మంది తెర పడగానే మాయమై, కాసేపటికి హాలు వెనుక ప్రత్యక్షం కావాలి. తెర వెనుక జరిగేది 2018లో కోర్టులో బయటపడింది. సిబ్బంది వాళ్లను చీకటి దారుల్లో, భవనం బయటి సందులోంచి పరుగు పరుగున తిప్పి మళ్లీ లోపలికి తెచ్చేవారు. అక్కడ పేరుకున్న నిర్మాణపు దుమ్ము మీద జారిపడి భుజం, మెదడు దెబ్బతిన్నాయని అతని ఫిర్యాదు. నిర్వాహకుల నిర్లక్ష్యం నిజమేనన్న జ్యూరీ, గాయాల బాధ్యత మాత్రం నూటికి నూరుపాళ్లూ అతనిదేనంది. పరిహారం పైసా దక్కలేదు.

ఈ తీర్పు మాకు మింగుడుపడదు. ఇంద్రజాలికుడికి ఆ దారిలో ప్రతి మలుపూ కరతలామలకం. టికెట్ కొన్నవాడు అందులో అడుగుపెట్టడం అదే మొదటిసారి. పైగా వందలమంది చూస్తుండగా వేదికపైకి పిలిస్తే, మోకాలు నొప్పి ఉన్నా రానని చెప్పడానికి ఎవరికైనా మొహమాటమే. కిటుకు దాచుకునే హక్కు కళాకారుడికి ఉంది, దారిలోని ప్రమాదాన్ని దాచే హక్కు లేదు. ప్రతి ఆటకు ముందు ఆ దారిని ఊడ్చి, దీపాలు పెట్టి, వేదికెక్కే ప్రతి ఒక్కరికీ బీమా చేయించడాన్ని లైసెన్సు షరతుల్లోనే చేర్చాలి.