సహరీకి ఒకటి, ఇఫ్తార్‌కు ఒకటి

రాయలసీమలోని ఒక పట్టణం నుంచి 29 ఏళ్ళ సోదరి ఒకరు నాలుగు పుటల ఉత్తరం రాశారు. రెండేళ్ళ క్రితం ఆమె ఎడమ కంటిచూపు వారం రోజుల్లో మసకబారింది. స్టీరాయిడ్ ఇంజెక్షన్లతో తేరుకుంది. నిరుడు నడుము నుంచి పాదాల దాకా తిమ్మిరి పట్టింది. ఎం.ఆర్.ఐ. తీయించిన తర్వాత నరాల వైద్యులు అది మల్టిపుల్ స్క్లెరోసిస్ అని నిర్ధారించి, డైమిథైల్ ఫ్యూమరేట్ అనే గుళికలు రాసిచ్చారు. పది రోజులు బాగానే గడిచాయి. పదకొండో నాడు ముఖమూ మెడా ఎర్రబారి మంటెత్తగా ఇంట్లోవారు బెదిరి మాన్పించారు. కువైట్‌లో ఉంటున్న అన్నగారు ఫోను చేసి, అది సోఫాలకు బూజు పట్టకుండా వేసే విషమని, ముట్టుకోవద్దని చెప్పారు. అత్తగారు మాత్రం, "రమజాన్ వస్తోంది, నెల రోజులూ రోజాలుండి దుఆ చేసుకో బేటీ, మందు సంగతి పండుగ తర్వాత చూద్దాం" అన్నారట. ఉత్తరం చివర ఆ సోదరి అడిగినది ఒక్కటే: "ఈ మందు నన్ను కాపాడుతుందా, చంపుతుందా?"

అమ్మా, మీ ఇంట్లో ముగ్గురూ మీ మేలు కోరే మాట్లాడారు. ఐతే ముగ్గురి మాటల్లోనూ సగమే నిజముంది. వివరించే ముందు ఒక అభ్యర్థన. ఈ పత్రిక మీ చేతికందిన రోజునే మీ వైద్యులకు ఫోను చేసి, మందు ఏ తేదీ నుంచి ఆపారో చెప్పండి. ఇన్ని రోజుల విరామం తర్వాత చిన్న మోతాదుతో మొదలు పెట్టాలా, పాత మోతాదే కొనసాగించాలా అన్నది మీ రక్త పరీక్షలు చూసి వారు నిర్ణయించవలసిన విషయం. మీరుగా తిరిగి మొదలు పెట్టకండి.

ఇక వ్యాధి సంగతి. మన దేహానికి కాపలా కాయవలసిన రక్షణ కణాలు దారి తప్పి, మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల తంతువులను చుట్టి ఉండే మైలిన్ అనే తొడుగుపై దాడి చేయడమే ఈ జబ్బు. విద్యుత్తు తీగపై రబ్బరు తొడుగు చినిగితే ప్రవాహం తడబడినట్లే, ఆ నరం మోసే కబురు తడబడుతుంది. ఎక్కువగా 20, 40 ఏళ్ళ మధ్య వయసులో బయటపడుతుంది. పురుషులకన్నా స్త్రీలలో అధికం. మీకు వచ్చినది ఉధృతమై, తగ్గి, మళ్ళీ తిరగబెట్టే రకం. మీరు రెండుసార్లు తేరుకున్నారు కనుక జబ్బు పోయిందని ఇంట్లోవారు అనుకుంటున్నారు. తిరగబెట్టిన ప్రతిసారీ ఎంతో కొంత నష్టం లోపల మిగిలిపోవచ్చు. అందుకే లక్షణాలేవీ లేని రోజుల్లో కూడా మందు వేసుకోవాలి. ఇది తలనొప్పికి వేసుకునే మాత్ర వంటిది కాదు. వేసుకున్న రోజున ఏ సుఖమూ తెలియదు, రాబోయే ఉపద్రవాన్ని తగ్గించడమే దాని పని. 2012లో ప్రచురితమైన రెండు పెద్ద పరిశోధనల్లో, రెండేళ్ళ పాటు ఈ గుళికలు వాడినవారిలో జబ్బు తిరగబెట్టడం ఉత్తుత్తి గుళికలు వాడినవారితో పోలిస్తే దాదాపు సగానికి తగ్గింది. పూర్తిగా ఆగలేదు. ఆ మాట కూడా తెలిసి ఉండాలి, లేకపోతే ఒకసారి తిరగబెట్టగానే మందు పనికిరాదని పారేస్తారు.

అన్నగారు చెప్పిన సోఫా కథ అబద్ధం కాదు. 2008 ప్రాంతంలో ఐరోపాలో కొత్త సోఫాలు, చెప్పులు కొన్న అనేకమందికి చర్మం పొక్కి పుండ్లయ్యాయి. ఓడల్లో వచ్చే సరుకు బూజు పట్టకుండా వేసిన చిన్న పొట్లాలలో ఇదే రసాయనం ఉన్నట్లు తేలింది. 2009లో ఐరోపా సమాజం అటువంటి సరుకును నిషేధించింది. కాని అంతకు యాభై ఏళ్ళ ముందే, 1959లో, సోరియాసిస్‌తో బాధపడిన ష్వెకెన్‌డీక్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్యూమరిక్ ఆమ్లపు సమ్మేళనాలను తనపైనే ప్రయోగించి చూసుకున్నాడు. ఆ దారిలోనే జర్మనీలో 1994లో సోరియాసిస్‌కు మందు ఆమోదం పొందింది. 2013లో అమెరికాలో మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు ఈ గుళిక వచ్చింది. చర్మానికి ఆవిరై తగిలిన లెక్కలేని రసాయనం వేరు, తూచిన మోతాదులో పేగుల్లో కరిగేట్లు తయారు చేసిన గుళిక వేరు. అయినా అన్నగారి భయం నుంచి ఒక మంచి జాగ్రత్త నేర్చుకోవచ్చు. గుళికను విప్పకూడదు, నమలకూడదు, లోపలి గింజలను నూరి తేనెలో కలుపుకోకూడదు. ఆ గింజలపై ఉన్న పూత కడుపును కాపాడేందుకే ఉంది.

ముఖం ఎర్రబడడం గురించి మీ వైద్యులు ముందే చెప్పి ఉంటే ఈ ఉత్తరమే వచ్చేది కాదేమో. మందుల దుకాణంలో చాలా ఏళ్ళు కూర్చున్నవాడిగా చెబుతున్నాను, మేము కూడా చీటీ చూసి డబ్బా ఇచ్చి పంపేస్తాము, ఆ రెండు మాటలు చెప్పము. ఈ మందు మొదటి వారం 120 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, ఎనిమిదో నాటి నుంచి 240 చొప్పున రెండుసార్లు వేసుకోవడం పద్ధతి. మీకు మంటెత్తినది పదకొండో నాడు, అంటే మోతాదు రెట్టింపయిన కొద్ది రోజులకు. పరిశోధనల్లో నూటికి 40 మందికి ఇలా జరిగింది. చర్మం వేడెక్కడం, ఎర్రబడడం, దురద వస్తాయి. అధికులలో మొదటి నెల దాటేసరికి తగ్గుముఖం పడతాయి. కడుపునొప్పి, విరేచనాలు, వికారం కూడా ఆ నెలలోనే ఎక్కువ. భోజనంతో పాటు వేసుకుంటే మంట తక్కువగా ఉంటుంది. కొందరికి వైద్యులు అరగంట ముందు ఆస్పిరిన్ వేసుకొమ్మంటారు, కొందరికి కొన్నాళ్ళు మోతాదు తగ్గిస్తారు. ఆస్పిరిన్ మాత్రం పొరుగింటివారి సలహాతో వేసుకునేది కాదు. కడుపులో పుండు ఉన్నవారికి, రక్తం పలుచబరచే మందులు వాడేవారికి అది కీడు చేస్తుంది. ఎర్రబడడంతో పాటు నాలుక, గొంతు వాచినా, ఊపిరి అందకపోయినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా అది వేరే సంగతి. ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి, తర్వాతి గుళిక వేసుకోకూడదు.

కంటికి కనిపించే ఈ మంటకన్నా కనిపించని విషయాన్నే నేను ఎక్కువ పట్టించుకుంటాను. ఈ మందు రక్తంలోని లింఫోసైట్లు అనే రక్షణ కణాలను తగ్గిస్తుంది. మొదటి ఏడాదిలో సగటున 30 శాతం దాకా తగ్గుతాయి. కొద్దిమందిలో మరీ అడుగంటుతాయి. అందుకే మొదలు పెట్టే ముందు రక్తకణాల లెక్క, కాలేయ పరీక్ష చేయిస్తారు. ఆ తర్వాత కణాల లెక్కను అమెరికా పద్ధతిలో ఆరు నెలలకు, అటుపైన ఆరు నుంచి పన్నెండు నెలలకొకసారి చూస్తారు. ఐరోపా పద్ధతిలో మూడేసి నెలలకు చూస్తారు. మీ వైద్యులు ఏది చెబితే అది పాటించండి. లింఫోసైట్లు మైక్రోలీటరుకు 500 కన్నా తక్కువగా ఆరు నెలలకు పైగా ఉండిపోతే మందు ఆపడం గురించి వైద్యులు ఆలోచిస్తారు. ఆ అంకెను మీరే ఒక పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. ఒంట్లో బాగుంది కదా, పరీక్షకు డబ్బు దండగ అని మానినవారిని నేను చూశాను.

ఆ కణాలు దీర్ఘకాలం తక్కువగా ఉన్నవారిలో అరుదుగా, చాలా అరుదుగా, పి.ఎం.ఎల్. అనే మెదడు ఇన్ఫెక్షన్ వస్తుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు ఈ మందు వాడుతున్న వ్యక్తిలో ఇటువంటి తొలి మరణం 2014లో వెలుగులోకి వచ్చింది. చిక్కేమంటే దాని లక్షణాలు అసలు జబ్బు లక్షణాలను పోలి ఉంటాయి. ఒకవైపు చేయి, కాలు రోజురోజుకూ బలహీనమవుతాయి, చూపు తేడాగా ఉంటుంది, మాట తడబడుతుంది, మనిషి స్వభావమే మారినట్లు, మతిమరుపు వచ్చినట్లు ఉంటుంది. ఈ చివరి మార్పు రోగికి తెలియదు. పక్కనున్నవారే కనిపెట్టాలి. ఈ పేరా మీ భర్తకు చదివి వినిపించండి. అలాగే నడుము చుట్టూనో ఛాతీ మీదనో ఒకే పక్కన నీటిపొక్కులు బారుగా లేచి మండితే అది సర్పి కావచ్చు. జాజు పూసి ఊరుకోవడం మన ఊళ్ళలో ఇప్పటికీ ఉంది. ఈ మందు వాడేవారు వెంటనే వైద్యునికి చూపించాలి.

అత్తగారి మాటకు వస్తాను. రోగులకు, ప్రయాణికులకు ఉపవాసం నుంచి సడలింపు, మరి కొన్ని రోజుల్లో ఆ లెక్క పూర్తి చేసుకునే వెసులుబాటు సూరయె బఖరాలోనే ఉన్నాయన్నది ఆమెకు తెలియనిది కాదు. రోజా ఉండాలా వద్దా అన్నది మీ ఆరోగ్య స్థితినిబట్టి వైద్యులూ, ఆ వైద్యుని మాట విన్న ఆలిమ్ గారూ కలిసి తేల్చవలసినది. నేను మందు సంగతి మాత్రమే చెబుతాను. రోజుకు మూడుసార్లు వేసుకునే మందులతో పోలిస్తే ఇది ఉపవాసులకు ఇబ్బంది తక్కువైన మందు. సహరీకి ఒకటి, ఇఫ్తార్‌కు ఒకటి సరిపోతాయి. రెండూ భోజనవేళలే. మన ప్రాంతంలో వాటి మధ్య పగటిపూట 13, 14 గంటల ఎడం ఉంటుంది, రాత్రిపూట అంతకన్నా తక్కువ. ఆ మేరకు వైద్యుల అనుమతి తీసుకోండి. ఖర్జూరం, మంచినీళ్ళతో ఇఫ్తార్ చేసిన ఆ క్షణంలో, ఖాళీ కడుపు మీద గుళిక మింగకండి. మగ్రిబ్ నమాజు తర్వాత తీరికగా అన్నం తినేటప్పుడు మధ్యలో వేసుకోండి. సహరీ తినకుండా నిద్రపోయేవారికి ఈ పద్ధతి పనికిరాదు. ఒక పూట మరచిపోతే తర్వాతి పూట రెండు కలిపి వేసుకోరాదు. గుళికకు గుళికకు మధ్య కనీసం నాలుగు గంటలుండాలి.

మరొక మాట. మందు కొత్తగా మొదలు పెట్టే వారాలు రమజాన్‌లో పడకుండా చూసుకోవడం మేలు. విరేచనాలు, వికారం ఉన్న రోజుల్లో నీళ్ళు లేకుండా గడపడం ఆరోగ్యవంతులకే కష్టం.

వేసవిలో వంటింట్లో నిలబడి సమోసాలు వేయిస్తుండగా మళ్ళీ కన్ను మసకబారిందని, జబ్బు తిరగబెట్టిందని భయపడ్డానని కూడా రాశారు. కాసేపు చల్లగాలికి కూర్చోగానే తగ్గిందన్నారు. ఒంటి వేడి పెరిగినప్పుడు దెబ్బతిన్న నరం తాత్కాలికంగా మందగిస్తుంది. 1890లో ఊట్‌హాఫ్ అనే జర్మన్ నేత్రవైద్యుడు దీన్ని వర్ణించాడు, నేటికీ ఆయన పేరే వాడుతున్నారు. జ్వరం వచ్చినా ఇలాగే అవుతుంది. జ్వరమూ ఇన్ఫెక్షనూ లేకుండా కొత్త లక్షణం 24 గంటలకు మించి నిలిచి ఉంటేనే తిరగబెట్టినట్లు అనుమానించాలి. అప్పుడు ఆలస్యం చేయకూడదు. ఆ సమోసాల పని ఈసారి మరదలికి అప్పగించండి.

గుళిక పైపెంకు జెలటిన్‌తో చేస్తారు, అది హలాల్ అవునా అని సందేహించారు. న్యాయమైన సందేహమే. జెలటిన్ ఏ జంతువు నుంచి వచ్చిందన్నది తయారీదారునిబట్టి మారుతుంది. డబ్బా మీది కంపెనీకి రాస్తే జవాబిస్తారు. మన దేశంలో ఈ మందును ఒకటికన్నా ఎక్కువ సంస్థలు తయారు చేస్తున్నాయి. ఆ జవాబుతో ఆలిమ్ గారిని, వైద్యుణ్ణి సంప్రదించండి. జవాబు వచ్చేదాకా మందు ఆపే ముందు కూడా వారిని అడగండి. కంపెనీ మారినప్పుడల్లా 120 ఇచ్చారా, 240 ఇచ్చారా అని డబ్బా మీద చదువుకోండి. అన్నగారు కువైట్ నుంచి పంపినా సరే. డబ్బాలోంచి తీసి వేరే సీసాలో పోసుకోకండి.

రెండో బిడ్డ గురించిన ఆలోచన ఉంటే గర్భం వచ్చాక కాదు, ముందే వైద్యులకు చెప్పండి. పాలిచ్చేవారికీ ఇదే మాట. మీరు వాడే కలోంజీ నూనె, యునానీ మందుల పేర్లు కూడా దాచకుండా చెప్పండి. ఎవరూ తిట్టరు.

వచ్చే ఏడాది భర్తతో హజ్‌కు వెళ్ళే ఉద్దేశముందని రాశారు. అల్లాహ్ స్వీకరించుగాక. యాత్రికులకు టీకాలు వేసే శిబిరంలో మెనింజైటిస్ సూదిమందుతో పాటు పోలియో చుక్కలు కూడా వేస్తారు. సూదిమందులో జీవమున్న క్రిములుండవు. చుక్కలలో బలహీనపరచినవైనా జీవమున్న క్రిములే ఉంటాయి. మీ మందు వాడేవారు అటువంటి టీకాలను సాధారణంగా మానుకోవాలి. జీవం లేని పోలియో సూదిమందు వేరే ఉంది. కనుక శిబిరానికి వెళ్ళడానికి నెల రోజుల ముందే మీ నరాల వైద్యుల నుంచి ఒక ఉత్తరం రాయించుకోండి. వరుసలో నిలబడ్డాక, నోరు తెరవమన్నప్పుడు చెప్పడం కష్టం.