పురుగు పేరు తేలాకే మందు

2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు రాత్రికి రాత్రి ఊడిపడింది కాదు. థ్రిప్స్ పార్విస్పైనస్ అనే ఈ పురుగును 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద శాస్త్రవేత్తలు నమోదు చేశారు. మిరప రైతుకు ఎప్పటినుంచో తెలిసిన తామర పురుగు లేతాకుల రసం పీల్చి పైముడత తెస్తుంది. కొత్తది పువ్వుల్లో దూరి పూతనే రాల్చింది. దీని ఆడపురుగు ముదురు రంగు కాబట్టి రైతు కనిపెట్టగలిగాడు. మగవీ పిల్లపురుగులూ పసుపే, వాటిని పాత తామర పురుగు నుంచి కంటితో విడదీయడం కష్టం. అంతకు మించిన చిక్కు ఇంకొకటుంది. పాతదనుకున్న సిర్టోథ్రిప్స్ డోర్సాలిస్ కూడా ఒక్క జాతి కాదు. ఆ ఒక్క పేరు చాటున, రూపం ఒకటే అయినా వంశం వేరైన జాతులు కనీసం తొమ్మిది ఉన్నాయని 2015 నాటి జన్యు అధ్యయనం తేల్చింది. గుడ్డు నుంచైనా, నలిగిన కాలి ముక్క నుంచైనా జాతి చెప్పగలిగేది జన్యు గుర్తులే.

పేరేదైతేనేం, మందు కొడితే చావదా అని అడిగేవారున్నారు. కర్రపెండలం పిండినల్లి కథ వారికి జవాబు. 1970లలో ఆఫ్రికాను పీడించిన ఆ పురుగుకు సహజ శత్రువుల కోసం దక్షిణ అమెరికాలో వెతికినప్పుడు, మొదట దొరికింది దాన్నే పోలిన వేరే జాతి. దాని మీద బతికే పరాన్నజీవులు ఆఫ్రికాలో పనికి రాలేదు. అసలు జాతి 1981లో పరాగ్వేలో దొరికాకే, సరైన కందిరీగ చేతికొచ్చి పంట నిలిచింది. 2020లో కేరళలో బయటపడిన అదే పిండినల్లిపై 2022లో సేలం జిల్లా ఏతాపూర్‌లో విడిచింది ఆ కందిరీగనే. పేరు తప్పితే శత్రువూ తప్పుతుంది.

జన్యు గుర్తే పొరబడితే? ఈ అభ్యంతరం బరువైనది. 2018లో కర్ణాటకలో కనిపించిన కత్తెర పురుగులో మైటోకాండ్రియా జన్యువును చూస్తే, ఎక్కువ నమూనాలు వరిని తినే తెగవని తేలింది. తిన్నదేమో మొక్కజొన్నను. లైంగిక క్రోమోజోమ్ మీది టీపీఐ జన్యువును పరిశీలిస్తే అది మొక్కజొన్న తెగ అని బయటపడింది. మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే వస్తుంది, కాబట్టి ఎప్పుడో జరిగిన సంకరం అందులో సగమే కనిపిస్తుంది. అంటే ఒకే గుర్తును నమ్మకూడదు, రెండు మూడు కలిపి చూడాలి. తప్పుడు పేరుతో దాచిన నమూనా జన్యు భాండాగారంలో చేరితే తర్వాతి పరీక్షలన్నీ ఆ తప్పునే మోస్తాయి. కాబట్టి సూక్ష్మదర్శిని ముందు కూర్చునే వర్గీకరణ నిపుణుడి అవసరం తగ్గదు, పెరుగుతుంది. చెన్నై లయోలా కళాశాలలో కీటక పరిశోధన సంస్థను స్థాపించిన టి.ఎన్. అనంతకృష్ణన్ తామర పురుగుల వర్గీకరణకే జీవితాన్ని ధారపోశారు. అలాంటి చదువుకు నేడు కొలువులు కావాలి.

ఖర్చు మాట కూడా ఇక వంక కాకూడదు. దాదాపు 65 డిగ్రీల స్థిర వేడి దగ్గర, పెద్ద యంత్రం లేకుండానే, గంటలో ఫలితమిచ్చే ల్యాంప్ అనే జన్యు పరీక్షలు వచ్చాయి. చెన్నై రేవులోనూ విమానాశ్రయంలోనూ దిగే మొక్కలనూ పండ్లనూ మీనంబాక్కం క్వారంటైన్ కేంద్రం తనిఖీ చేస్తుంది. అక్కడ ఇలాంటి పరీక్షలు రోజువారీ పని కావాలి. గుంటూరు, ఖమ్మం మార్కెట్ యార్డుల పక్కన కూడా నమూనా తీసుకొని రెండు రోజుల్లో పేరు చెప్పే ప్రయోగశాలలు ఉండాలి. వచ్చే మిరప నాట్లకు ముందే కేంద్ర, రాష్ట్ర వ్యవసాయ శాఖలు ఈ పనికి నిధులు కేటాయించాలి.