ఈల వినపడినా ఆగని కాళ్లు

ఓర్వకల్లు చుట్టుపక్కల పెరిగిన పిల్లవాడికి నీళ్లంటే బోరు, ట్యాంకరు, వాన పడితే నిండే కుంట. ఈ రాళ్ల నేల నుంచి బయలుదేరిన యూత్ బస్సు తెల్లవారేసరికి బాపట్ల సూర్యలంకలో ఆగితే, వాడు చెప్పులు విడిచి పరుగెత్తడంలో వింతేముంది? ఒడ్డున కాపలా ఉన్న గజ ఈతగాడు ఈల ఊదితే మాత్రం, ఇంత దూరం వచ్చింది కాళ్లు తడుపుకోవడానికా అంటాడు. తప్పు వాడిదొక్కడిదే అని మేము అనుకోము.

2022 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక తీరంలో ఆరుగురు ఇంజనీరింగ్ విద్యార్థులు చనిపోయారు. ఇలాంటప్పుడు పత్రికలు "రాకాసి అల" అని రాస్తాయి. కాని చాలాసార్లు మనిషిని లోపలికి లాగేది అల కాదు. ఒడ్డుకు చేరిన నీరు తిరిగి సముద్రంలోకి పోవడానికి ఒక ఇరుకు దారి చేసుకుంటుంది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. ఆ దారిలో అలలు అంతగా విరగవు. చూడ్డానికి అక్కడే నీరు నెమ్మదిగా, కాస్త నల్లగా ఉంటుంది. ఈత రానివారు అదే భద్రమైన చోటని దిగుతారు. ఈత వచ్చినవాడేమో ఒడ్డుకేసి ఎదురీది, అలసిపోయి మునుగుతాడు. ఎదురీదకూడదు. తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ లాగుడు దాటాక అలలతో పాటు బయటికి రావాలి. స్నేహితుడు మునుగుతుంటే వెంటనే దూకడం కాదు, ఈతగాడిని కేకేసి, మూత బిగించిన ఖాళీ క్యానో, తాడో విసరాలి.

ఈ దారులు చోటు మారుతుంటాయి. కాబట్టి నిన్న దిగనిచ్చిన చోట ఈరోజు ఎందుకు వద్దంటున్నావని లైఫ్‌గార్డుతో వాదించడం దండగ. వాదించనివారు ఇంకో పని చేస్తారు: అతని చూపు పడని చోటికి అర కిలోమీటరు నడిచి అక్కడ దిగుతారు. అదీ ఎక్కువగా ఫోటోల కోసమే.

బస్సు ముందు ప్రార్థన చేశాం కదా అనే నాయకులూ ఉన్నారు. పౌలు ఎక్కిన ఓడలో ఎవరి ప్రాణానికీ హాని రాదని దేవుడు ముందే మాట ఇచ్చాడు. అయినా మెలితే దగ్గర ఓడ బద్దలవుతుంటే శతాధిపతి ఈత వచ్చినవారిని ముందు దూకమన్నాడు, మిగిలినవారిని పలకల మీద పంపాడు. మన రిట్రీట్ ఫారాల్లో శాకాహారమా, మాంసాహారమా అని అడుగుతాం. ఈత సంగతి అడగం.

సముద్రం మనకు దూరమని ఊరుకోవడానికీ లేదు. 2025 ఆగస్టులో మన కర్నూలు జిల్లాలోనే, ఆస్పరి మండలం చిగిలి దగ్గర, నీటి కుంటలో ఆరుగురు బడి పిల్లలు మునిగిపోయారు. కుంటల దగ్గర ఈల ఊదేవారెవరుంటారు? కె.సి. కాలువలో బాప్తిస్మమిచ్చే కాపరులు కూడా ఆ ఉదయం నీటి వడి, లోతు చూసుకోవాలి, ఒడ్డున తాడుతో ఒక ఈతగాడిని నిలబెట్టాలి. క్రిస్మస్ సెలవులకు బస్సు మాట్లాడుకునే సంఘాలకు మేము చెప్పేది ఒకటే: నీళ్ల దగ్గర నిలబడి చూసుకోవడానికి ఈత వచ్చిన ఇద్దరు పెద్దవాళ్లు దొరక్కపోతే, కార్యక్రమంలోంచి సముద్రాన్ని తీసేయండి.