ఇంటింట పిచ్చుకగూడు

మనుష్యుని నమ్మి, వాని యింటిలోనే కాపురముండు పక్షి పిచ్చుక. కాకి చెట్టుకొమ్మపై గూడు కట్టును; చిలుక చెట్టుతొఱ్ఱను వెదకికొనును. పిచ్చుక మాత్రము మన వాసముల సందులను, పెంకుల క్రింది ఖాళీలను, గోడకు వ్రేలాడు పటముల వెనుక చోటును ఎన్నుకొనును. ఇట్టి యింటి చుట్టమునకు నేడు మన యిండ్లలోనే చోటు కఱవైనది. ఆ చోటును మరల కల్పించుట మన కుటుంబముల కర్తవ్యమని మా అభిప్రాయము.

విజయనగర, నాయకరాజుల కాలములలో మధుర, కోయంబత్తూరు సీమలకు తరలివచ్చిన తెలుగువారు సేద్యము, నేత మొదలగు వృత్తులతో ఇచ్చట స్థిరపడిరి. మన పాత వీధులలో ఇంకను నిలిచియున్న పెంకుటిండ్లను చూడుడు. దూలములు, వాసములు, చూరు, వాకిలి అన్నియు పిచ్చుకకు అనువైనవే. వాకిట ధాన్యము చెఱుగునపుడు గింజలు రాలెడివి; పెరటి మన్నులో పురుగులు దొరకెడివి. ఇప్పుడా తావులలో నున్నని గోడల డాబాలు లేచుచున్నవి. కిటికీలకు దోమతెరలు, పెరటికి సిమెంటు పూత వచ్చినవి. బియ్యము కుట్టిన సంచులలో ఇల్లు చేరుచున్నది. పిచ్చుక తన పసికూనలకు మొదటి దినములలో ముఖ్యముగా పురుగులనే తెచ్చి నోట పెట్టును. తోటలలో మనము చల్లు పురుగుమందు ఆ కూనల కబళమును హరించుచున్నది.

సెల్‌ఫోను గోపురములే ఇందులకు మూలమని పలువురు చెప్పుదురు. అది శాస్త్రీయముగా నిర్ధారితము కాలేదు. గోపురముపై నేరము మోపి ఊరకుండుట సులభము. మన క్రొత్త గోడలో పిచ్చుకకు బెత్తెడు చోటైన విడువలేదని గ్రహించుట కష్టము.

భారతదేశ పక్షుల స్థితిని గూర్చి 2020లో వెలువడిన నివేదిక, దేశము మొత్తముమీద పిచ్చుకల సంఖ్య ఇరువదియైదేండ్లుగా ఇంచుమించు స్థిరముగా ఉన్నదనియు, చెన్నపట్టణము మొదలగు ఆరు మహానగరములలో తగ్గుచున్నదనియు తెలిపెను. మధుర, కోయంబత్తూరులు ఆ ఆరింటిలో లేవు. కాని మన యిండ్లును ఆ మహానగరముల యిండ్ల వలెనే మారుచున్నవి. కావున చేయదగిన పనిని ఇప్పుడే చేయవలెను.

గడ్డిపోచలు, రెట్టలు పడి ఇల్లు పాడగునని కొందఱు తల్లులు ఆక్షేపింతురు. ఆ మాట న్యాయమైనదే. అందులకే పెట్టెను గదిలోపల గాక, బయట చూరు క్రింద అమర్చవలెనని చెప్పుచున్నాము. పిచ్చుక ధాన్యపు దొంగయను వాదమునకు చీనాదేశపు చరిత్రయే సమాధానము. అచ్చట 1958లో పిచ్చుకలను శత్రువులుగా ఎంచి ఊరూర వేటాడిరి. పిచ్చుకపై బ్రహ్మాస్త్రమను సామెత అక్షరాల నిజమాయెను. పంటను తిను పురుగులు పెచ్చుపెరిగినవి. తుదకు 1960లో పిచ్చుకను ఆ జాబితానుండి తొలగించి, దాని బదులు నల్లిని చేర్చిరి.

గూటిపెట్టె చేయుట బాలురకు సాధ్యమైన పనియే. లోపల అడుగుపలక జానెడు పొడవు, జానెడు వెడల్పు లోపుగా చాలును. రంధ్రము 32 మిల్లీమీటర్లు, అనగా పది రూపాయల నాణెముకంటె కొంచెము పెద్దదిగా ఉండవలెను. అంతకు మించిన గోరువంకలు జొరబడును. రంధ్రము క్రింద పుల్లను అమర్చరాదు. అది శత్రువులకు మెట్టగును. లోపల రంగు పూయరాదు. నీడపట్టున, ఏడెనిమిది అడుగుల ఎత్తున, పిల్లికి అందనిచోట గట్టిగా బిగింపవలెను. తిరుగు పంకా సమీపమున ఎన్నడును కూడదు. పిచ్చుకలు గుంపుగా బ్రదుకును గనుక రెండు మూడు పెట్టెలు దగ్గరగా ఉండుట మేలు. గ్రుడ్లు పెట్టిన పిమ్మట తెఱచి చూడరాదు. సుమారు రెండు వారములకు పిల్లలగును, మఱి రెండు వారములకు ఎగిరిపోవును. మొదటి యేట పిచ్చుక రాకున్నను నిరాశ వలదు.

అయినను పెట్టె యొక్కటే చాలదు. మూకుడుతో నీరు, గుప్పెడు నూకలు, మందు చల్లని మన్ను, ఒక గుబురుచెట్టు కావలెను. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన ఆంధ్రదేశమున, గోదావరి సీమలో, వరికంకులను కుచ్చులుగా అల్లి ఇండ్ల చూరులందును ఆలయములందును పిచ్చుకలకై వ్రేలాడగట్టు ఆచారము కలదు. మన పొరుగున శివగంగ జిల్లాలోని పొత్తకుడి గ్రామస్థులు 2020లో చేసినపని ఇంకను మెచ్చదగినది. వీధిదీపముల మీటలపెట్టెలో ఒక చిన్న పిట్ట గ్రుడ్లు పెట్టగా, పిల్లలు ఎగిరిపోవువఱకు నెలకు పైగా వారు వీధులలో దీపములు వెలిగింపక చీకటినే సహించిరి. వారితో పోల్చిన మనమడుగునది ఎంత స్వల్పము!

మఱియొక మాట. మన పిల్లలు వీధిలో దీనిని తమిళమున చిట్టుక్కురువి యందురు. ఆంగ్లపుస్తకమున స్పారో యని చదువుదురు. రెండును మంచిమాటలే. కాని పిచ్చుక యను మాట వారి చెవిని పడుటకు మన యిల్లును, ఈ బడియు తప్ప వేఱు తావు లేదు. తడియిసుకలో పాదముపై పిచ్చుకగూళ్లు కట్టు ఆటయు, పైని చెప్పిన సామెతయు, ఆ పక్షినే యెఱుగని బాలునికి ఎట్లు రుచించును? కావున పెట్టెతోపాటు ఒక చిన్న పుస్తకమును ఉంచుడు. మొదటి గడ్డిపోచ వచ్చిన దినమును, కూనల అఱపు వినబడిన దినమును, గూడు శూన్యమైన దినమును తెలుగున వ్రాయుడు. తెలియని మాటలను అవ్వనో తాతనో అడిగి తెలిసికొనుడు. చిన్ననాట చేజిక్కిన పసుపుకంఠపు పిచ్చుకను గూర్చిన కుతూహలమే సలీం ఆలీని పక్షిశాస్త్రవేత్తగా చేసెను. ఆయన పేరిట వెలసిన పక్షిశాస్త్ర కేంద్రము మన కోయంబత్తూరు చెంత ఆనైకట్టిలోనే యున్నది.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. ప్రతి యేట మార్చి 20వ తేదీ ప్రపంచ పిచ్చుకల దినము. ఆ దినమునకు ముందే ప్రతి యింటి చూరు క్రింద ఒక పెట్టె నిలుచుగాక. క్రొత్త యిల్లు కట్టువారు మేస్త్రితో ముందే చెప్పి గోడలోనే రెండు గూళ్లు విడిపింతురుగాక. ఒకనాడు పరదేశమున చోటు వెదకికొని, చోటు దొరకి బ్రదికిన జాతి మనది. ఇంటి పిట్టకు చోటిచ్చుట మనకు భారము కారాదు.